చేయూత

తెలుగు భాషలో చేతిని ఆశ్రయించి పుట్టిన పలుకుబడులు అనేకం. పనిలో ఆరితేరినవాణ్ణి చేయి తిరిగినవాడంటాం. దాతది ఎముక లేని చేయి అంటాం. ఆపదలో ఆదుకొన్నవాడు చేయందించినవాడు. ఆదుకోనివాడు చేయి విడిచినవాడు. మనిషి జీవితం ఎంతగా చేతిపై ఆధారపడి ఉన్నదో ఈ మాటలే చెబుతున్నాయి.

వరంగల్లు నుండి ఖమ్మం పోయే రహదారిపై ఉన్న తొర్రూరు పూర్వం వరంగల్లు జిల్లాలోనిది; 2016లో మహబూబాబాదు జిల్లాలో చేరింది. ఆ పరిసరాలలో వరి, పత్తి, మిరప పండుతాయి. నారు నాటడం, పత్తి ఏరడం, మిరపకాయ తెంపడం అన్నీ చేతివేళ్ళ పనులే. అక్కడికి చేరువలోనే పాలకుర్తి, బమ్మెర గ్రామాలున్నాయి. బమ్మెర పోతన నాగలి పట్టిన చేతితోనే గంటం పట్టి భాగవతం రచించాడని లోకప్రతీతి. మడిలోని శ్రమకైనా, తాటాకుపై కవితకైనా ఆధారం ఆ ఐదు వేళ్ళే.

అటువంటి చేయి వశం తప్పితే ఆ మనిషి గతి ఏమిటి? మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నాడీవ్యాధి ఈ ప్రశ్నను ఎందరి ముందో నిలుపుతున్నది. ఫ్రెంచి వైద్యుడు జాఁ మార్తాఁ షార్కో 1868లో దీనిని ఒక ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువులకు మయలిన్ అనే కొవ్వు పదార్థం తొడుగుగా ఉంటుంది. దేహాన్ని రక్షించవలసిన వ్యవస్థే పొరబడి ఆ తొడుగుపై దాడి చేస్తుంది. పొలంలో మోటారు తీగ తొడుగును ఎలుక కొరికితే మోటారు చెడిపోలేదు, కరెంటూ పోలేదు. అయినా నీరు సరిగా రాదు. ఈ వ్యాధిలోనూ అంతే. మెదడు ఆజ్ఞ ఇస్తుంది, కండరం సిద్ధంగా ఉంటుంది, నడుమ కబురు తడబడుతుంది. సాధారణంగా ఇరవై నుండి నలభై యేండ్ల ప్రాయంలో, పురుషులలో కంటె స్త్రీలలో అధికంగా ఇది కనిపిస్తుంది. 2020 నాటి అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 28 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారు.

ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ సెల్లో వాద్యకారిణి జాక్వెలిన్ డుప్రేకు వేళ్ళలో స్పర్శ తగ్గసాగింది. 1973లో వ్యాధి నిర్ధారణ అయ్యేనాటికి ఆమె వయస్సు 28 సంవత్సరాలు. ఆ తరువాత ఆమె కచేరీలలో సెల్లో వాయించలేకపోయింది. 1987లో, 42వ యేట కన్నుమూసింది.

అంతటి కళాకారిణి కథ లోకానికి తెలిసింది. సామాన్యుల కథ నాలుగు గోడల మధ్యనే ఉండిపోతుంది. తొర్రూరులో కుట్టుపనితో సంసారం నెట్టుకొస్తున్న ఒక ఇల్లాలికి ఈ వ్యాధి సోకిందని ఊహించుకొందాం. మొదట సూదిలో దారం ఎక్కదు. తరువాత జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమవుతుంది. అన్నం ముద్ద నోటి దాకా రాకముందే చేయి వణుకుతుంది. ఇంటివారు చూడలేక, "నీకెందుకమ్మా ఈ తిప్పలు" అని అన్నం కలిపి తినిపిస్తారు, తల దువ్వుతారు, గ్లాసు నోటికి అందిస్తారు. వారి ప్రేమను శంకించవలసిన పని లేదు. కాని ఆ ప్రేమలోనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. వాడని చేతిని మెదడు క్రమంగా మరచిపోతుంది. అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టౌబ్ ఈ స్థితిని పరిశోధించి, వాడకపోవడం కూడా అభ్యాసం వలన అలవడే గుణమేనని నిరూపించాడు. వ్యాధి కొంత హరిస్తే, మిగిలినదానిని విశ్రాంతి హరిస్తుందన్నమాట.

అలాగే అభ్యాసం వలన మెదడు కొత్త దారులను వెదకుకోగలదు. ఒక మార్గం మూసుకుపోతే పక్క మార్గాన కబురు పంపగలదు. ఇందుకు ఒకే కదలికను వందలసార్లు చేయాలి. చేసేవారికి విసుగు, చేయించేవారికి అలసట తప్పవు. యంత్రం అవసరమైనది ఇక్కడనే.

1990ల ఆరంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ చేతికి సాధన చేయించే రోబోను రూపొందించారు. అది మొదట పక్షవాత రోగులకు ఉద్దేశించినది. రోగి దాని పిడిని పట్టుకొని, తెరపై కనిపించే గురి వైపు చేతిని జరపాలి. చేయి తానుగా కదిలినంతవరకు యంత్రం ఊరకుంటుంది. ఆగిపోతే మెల్లగా తోడు వస్తుంది. రోగి మెరుగుపడుతున్నకొద్దీ తన సాయాన్ని తగ్గించుకొంటుంది. అవసరమైనంత మేరకే ఆసరా ఇవ్వడం దీని ధర్మం.

ఈ తరహా సాధనాలను తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకూ వాడి చూశారు. చేతి బరువును స్ప్రింగులతో మోసే ఒక పరికరాన్ని బెల్జియం పరిశోధకులు పదిమంది రోగులతో ఎనిమిది వారాలు సాధన చేయించి, 2011లో ఫలితాలు ప్రకటించారు. కండరాల బలం చెప్పుకోదగినంతగా పెరగలేదు. అయినా నిత్యకృత్యాలవంటి పనులు చేయగల నేర్పు మెరుగుపడింది. పదిమందితో చేసిన ప్రయోగం గనుక దానినే తుదితీర్పుగా గ్రహించరాదు. ఈ యంత్రాలు వ్యాధిని నయం చేయవు. మిగిలిన శక్తిని వాడుకొనే విద్యను నేర్పుతాయి.

ఇంత పెద్ద యంత్రాలు తొర్రూరు వంటి పట్టణాలకు చేరేదెలా? వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల, మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు కలిసి 'ప్లూటో' అనే చిన్న రోబోను తయారుచేశారు. ఒకే మోటారుకు వేర్వేరు పిడులు మార్చి తగిలిస్తే మణికట్టుకు, వేళ్ళకు వేర్వేరు సాధనలు చేయించవచ్చు. రోగి యంత్రం దగ్గరకు ప్రయాణించే బదులు యంత్రమే రోగి ఇంటికి రాగల కాలానికి ఇది నాంది. చేతిఫోను తెరపై ఫిజియోథెరపిస్టు చూస్తూ సాధన చేయించడం కూడా నేడు సాధ్యమే.

అయితే యంత్రానికి తెలియని స్థానిక సత్యాలు కొన్ని ఉంటాయి. దేహం వేడెక్కితే ఈ రోగులలో చాలామందికి లక్షణాలు తాత్కాలికంగా ఎక్కువవుతాయి. జర్మనీ నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే దేహశ్రమ తరువాత ఇటువంటి మార్పును గుర్తించాడు. వైశాఖ జ్యేష్ఠాల ఎండలలో మిట్టమధ్యాహ్నం సాధన చేయించడం తెలంగాణలో తగదు. తెల్లవారుజాము చల్లదనమే అనుకూలం. అలసట ముదరకముందే ఆపడం కూడా సాధనలో భాగమే. చేతి నేర్పును కొలిచేందుకు వైద్యులు తొమ్మిది రంధ్రాల పలకలో తొమ్మిది పుల్లలు గుచ్చి, తీయించి, పట్టిన కాలాన్ని లెక్కిస్తారు. మన అవ్వల వామనగుంటల పీట దీనికి దూరపు చుట్టమే. ఒక్కొక్క చింతగింజను వేళ్ళతో తీసి గుంటలో వేయడం చేతికి మంచి వ్యాయామం. చికిత్సకు బదులు కాకపోయినా, వైద్యుని సలహాతో దానికి తోడు కాగలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. చట్టం హక్కును ఇస్తుంది. ఆ హక్కును ఇంట, బడిలో, పనిచోట నిలబెట్టవలసినది తోటి మనుషులే.

'చేయూత' అనే మాటకు చేతితో ఇచ్చే ఊత అని అర్థం చెబుతాం. చేతికి ఇచ్చే ఊత అని కూడా చెప్పుకోవచ్చు. ఊతకర్ర నడిచేవాని బదులు నడవదు, నడిచేవాణ్ణి పడనీయదు. రోగి పనిని లాక్కొని తామే చేయడం సులభం. వణుకుతున్న చేయి గ్లాసును అందుకొనేవరకు పక్కన ఓపికతో నిలబడడం కష్టం. ఆ ఓపికను నేడు యంత్రాలకు నేర్పుతున్నారు. మనుషులు దానిని మరువకుండా ఉంటే, తొర్రూరులోని ఆ ఇల్లాలు ఆలస్యంగానైనా తన జాకెట్టు హుక్కు తానే పెట్టుకొంటుంది.