సొరుగులో గ్లూకోమీటరు

మా ఇంట్లో ఇన్వర్టరుకి రెండు బ్యాటరీలు, లాప్‌టాపుకి రెండు చార్జర్లు, ఫోనుకి ఒక పవర్ బ్యాంకు ఉన్నాయి. ఆఫీసు సర్వరు అర్ధరాత్రి రెండింటికి మూలిగితే నన్ను లేపడానికి ఫోన్లో ఒక యాప్ కూడా ఉంది. ఇన్ని ఉన్న ఇంట్లో, గ్లూకోమీటరులో వేసే రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే కొత్తది కొనడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ మీటరు బీరువా సొరుగులో, పాత పాస్‌పోర్టు పక్కన హాయిగా పడుకుంది. బ్యాటరీ దొరకలేదంటే మీరు నమ్మరు. దొరికితే మీటరు పనిచేస్తుంది కదా, అదీ నా భయం.

అవును, నాకు షుగరు. టైప్ టూ. 2018లో ఆఫీసువాళ్ళు ఏటా చేయించే హెల్త్ చెకప్పులో బయటపడింది. అప్పటికి నాకు 37. మూడు నెలల షుగరు, అదే హెచ్‌బీఏ1సీ, 8.6 వచ్చింది. 6.5 దాటితేనే షుగరున్నట్టు లెక్క. అమ్మకి ఇరవై ఏళ్ళ నుంచీ ఉంది, తాతయ్యకి ఉండేది, పైగా రోజుకి పన్నెండు గంటలు కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగం. రాకపోతే ఆశ్చర్యపోవాలి.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి ఏడాది రెచ్చిపోయాను. జొన్న రొట్టెలు, కొర్రన్నం, పొద్దున్నే ఐదు కిలోమీటర్ల నడక. ఏడాది తిరిగేసరికి 6.3కి దిగింది. ఇహ చూస్కోండి, ఆఫీసు కాంటీన్లో నా ఉపన్యాసాలకి భయపడి జనం టేబుళ్ళు మారేవాళ్ళు. తెనాలికి ఫోన్ చేసి మరీ అమ్మకి క్లాసు పీకేవాణ్ణి. "అమ్మా, పొద్దున్నే ఇడ్లీ అంటే ఉత్త పిండిపదార్థం, తెలుసా?" అని. ఆవిడ "అలాగే నాన్నా" అని వినేది.

మరి ఎక్కడ జారాను? ఫలానా రోజు అని చెప్పలేను. 2021లో రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అమెరికా వాళ్ళతో కాల్స్ మొదలయ్యాయి. భోజనం కాల్ తర్వాతకి జరిగింది. అర్ధరాత్రి తింటే పొద్దున్నే మెలకువ రాదు కాబట్టి నడక పోయింది. తర్వాత మరదలి పెళ్ళి. పెళ్ళిలో అడక్కుండానే విస్తట్లో పడ్డ పూతరేకుల్ని అవమానించలేం కదా. 2022లో ఓ రోజు మీటరు 212 చూపించింది. మర్నాడు చూసుకోబుద్ధి కాలేదు. ఓ వారం తర్వాత చూద్దామంటే బ్యాటరీ లేదు. మీటరు చూడనివాడికి డాక్టరు దగ్గరికెళ్ళడానికి మొహం చెల్లదు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోతే చీటీ పాతదైపోతుంది. మందులు నిన్న వేసుకున్నానా, మొన్న వేసుకున్నానా అన్నట్టు తయారయ్యాయి.

మన భాషలో చెప్పాలంటే, సర్వరులో డిస్కు నిండిపోతోందని అలర్టు వస్తుంటే నేను డిస్కు జోలికి పోకుండా అలర్టుని మ్యూట్‌లో పెట్టాను. నా టీములో ఎవరైనా ఆ పని చేస్తే ఏమంటానో నాకు బాగా తెలుసు.

మధ్యలో ఆఫీసు చెకప్పులు వచ్చాయి. వాటికి ఇంజినీరింగు కాలేజీలో నేర్చిన విద్య ఉండనే ఉంది, పరీక్ష ముందు రాత్రి చదవడం. మూడ్రోజులు అన్నం మానేసి, ముందు రోజు రాత్రి కీరా ముక్కలు తిని పడుకుంటే ఫాస్టింగ్ షుగరు కాస్త మర్యాదగా వచ్చేది. మూడు నెలల షుగరు దగ్గర ఈ పప్పులుడకవు. రక్తంలో తిరిగే చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి అతుక్కుంటుంది. ఆ కణం బతికేది దాదాపు 120 రోజులు. అంటే గత రెండు మూడు నెలల్లో మనం ఏం తిన్నామో, ఎలా ఉన్నామో అందులో రాసి ఉంటుంది. లాగ్ ఫైలు అన్నమాట, డిలీట్ చేసే పర్మిషను మనకి లేదు. అందుకని నేనేం చేసేవాణ్ణంటే, ఆ టెస్టు ఉన్న రోజున "అర్జెంటు మీటింగు" పెట్టుకునేవాణ్ణి.

2024 నవంబరులో స్క్రీను మీద అక్షరాలు మసకగా కనిపించడం మొదలైంది. నలభై దాటాయి, చత్వారం కాబోలు అనుకుని కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చుక్కలు వేసి, ముప్పావుగంట కూర్చోబెట్టి, లైటు పెట్టి చూస్తూ, "షుగరుందా?" అన్నారు. ఉందన్నాను. "ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?" "ఒక ఆర్నెల్లైందండీ" అని పచ్చి అబద్ధం ఆడేశాను. రెటీనాలో మార్పులు మొదలయ్యాయన్నారు. ఇంకా మొదటి దశే, చూపు పోయే పరిస్థితి లేదు. ఇది నొప్పి పెట్టదు, చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది, వెతికితేనే కనబడుతుందన్నారు. ఇప్పుడు నాకున్న మసకకి కారణం బహుశా వేరే. షుగరు పైకీ కిందికీ ఊగుతుంటే కంట్లో లెన్సు కూడా మారుతుందట. "ఇప్పుడు కళ్ళజోడు రాయను. రాసినా రెండు నెలల్లో పనికిరాదు. ముందు షుగరు సరిచేసుకుని రండి" అన్నారు.

బయటికొచ్చి కూర్చున్నాను. కంటిపాపలు విప్పారి ఉన్నాయి, ఫోన్ చూస్తే తెల్లటి వెలుగు తప్ప ఒక్క అక్షరం కనబడలేదు. కారు నడపలేను, మెయిలు చదవలేను, మా ఆవిడకి ఫోన్ చెయ్యాలంటే పక్కాయన్ని బతిమాలి నంబరు నొక్కించుకున్నాను. గంటసేపు అలా కూర్చున్నా. నా అన్నం ఈ రెండు కళ్ళ మీదే ఆధారపడిందని అంతకుముందెప్పుడూ తట్టలేదు.

మర్నాడు టెస్టు చేయిస్తే 10.1.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, ఎందుకంటే అసలు తప్పు ఇక్కడ చేశాను. మళ్ళీ కొత్త బిచ్చగాడి అవతారం ఎత్తాను. ఆ రాత్రే అన్నం బంద్. పాత చీటీ తీసి, దాంట్లో ఉన్న మాత్రలన్నీ తెచ్చేసి, ఎవర్నీ అడక్కుండా మొదలుపెట్టాను. రోజుకి పదివేల అడుగులు. రంగురంగుల ఎక్సెల్ షీటు. ఐదోరోజు పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, రిలీజు హడావిడిలో మధ్యాహ్నం భోజనం ఎగ్గొట్టాను. మానేస్తే ఇంకా మంచిదే కదా అని లోపల ఓ గర్వం. సాయంత్రం నాలుగున్నరకి మీటింగులో ఉండగా చేతులు వణుకు, చెమట, గుండె దడ. ఎదుటివాళ్ళు మాట్లాడేది వినబడుతోంది, అర్థం కావట్లేదు. పక్కనున్న కుర్రాడు, వాళ్ళ నాన్నకి షుగరట, చూడగానే పోల్చుకున్నాడు. కాంటీన్ నుంచి మూడు స్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తెచ్చి తాగించాడు. బ్యాగులో మీటరుంది, చూస్తే 61. 70 కంటే తగ్గితే వెంటనే ఏదో ఒక తీపి, పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడటం, ఇదీ పద్ధతి. ఆ పద్ధతి ఆరేళ్ళ అనుభవం ఉన్న నాకు ఆ పాతికేళ్ళ కుర్రాడు నేర్పాడు.

ఆ సాయంత్రమే పాత డాక్టరు గారి దగ్గరికెళ్ళాను. తిట్లకి సిద్ధపడే వెళ్ళాను. "రెండేళ్ళు ఎందుకు రాలేదు?" అనడిగారు. "మీరు తిడతారని" అన్నాను. ఆయన నవ్వలేదు. "మా దగ్గరికి రాకుండా పోయేవాళ్ళలో చాలామంది చెప్పే కారణం ఇదే" అన్నారు.

తర్వాత ఆయన రెండు విషయాలు చెప్పారు. మొదటిది, బాగా ఎక్కువగా ఉన్న షుగర్ని ఒక్కసారిగా దించేస్తే, అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొన్నాళ్ళు ఇంకాస్త పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకని మెల్లగా, నెలల మీద దించాలి, మధ్యలో కళ్ళు చూపించుకుంటూ ఉండాలి. రెండోది, నా 6.3 పోవడంలో తప్పంతా నాది కాదు. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలొచ్చిన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనం ఉంది. కొత్తగా టైప్ టూ వచ్చినవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించారు. గట్టిగా అదుపులో పెట్టిన గుంపులో కళ్ళు, కిడ్నీల్లో సన్న రక్తనాళాలు చెడిపోయే జబ్బులు 25 శాతం తగ్గాయి. ఆ గుంపులో కూడా ఏళ్ళు గడిచేకొద్దీ షుగరు మెల్లగా పైకే పాకింది. ఇన్సులిన్ తయారుచేసే కణాలు క్రమంగా అలిసిపోతాయి, మందులు మార్చుకుంటూ పోవాలి. "మీరు దీన్ని పాసు, ఫెయిలు అనుకున్నారు. ఇది మెయింటెనెన్స్ ప్రాజెక్టు" అన్నారు. ఆయన కొడుకూ మనవాడే, బెంగుళూరులో పనిచేస్తున్నాడు లెండి.

2025 సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. వంటింటి తలుపు వెనక గ్యాసు ఏజెన్సీ వాళ్ళిచ్చిన క్యాలెండరు వేలాడుతోంది. ఏళ్ళుగా చూస్తున్నదే, ఎప్పుడూ చదవలేదు. వారానికి మూడు గళ్ళలో పెన్సిలుతో అంకెలు. 132. 148. 236, కింద చిన్న అక్షరాలతో "పులిహోర". 141. భోగినాడు 219, "అరిసె 1".

నేను ఫోన్ తీసి నా ఎక్సెల్ షీటు చూశాను. 2019 నుంచి 2022 దాకా అంతా పచ్చరంగు. ఎందుకు పచ్చగా ఉందో అప్పుడు వెలిగింది. పెళ్ళి భోజనం చేసిన రోజు, బిరియాని ట్రీటు రోజు, పండగ రోజు, అన్నీ ఖాళీ గళ్ళు. ఎక్కువొస్తుందని తెలిసిన రోజున నేను అసలు చూసుకోలేదు. డేటాలో పాఠం నేర్పే భాగం మొత్తం ఎగరగొట్టి, మిగిలిన దానికి గ్రాఫు గీసి మురిసిపోయాను.

"236 వస్తే నీకు బాధెయ్యదా అమ్మా?" అన్నాను.

"వేస్తుంది. అయితే ఏంటి? రాసుకుంటే పులిహోర ఎంత తినచ్చో తెలుస్తుంది. రాసుకోకపోతే మళ్ళీ అంతే తింటాను" అంది. క్లాసులు పీకింది నేను. పదో తరగతి చదివిన మా అమ్మ ఇరవై ఏళ్ళకి పైగా మానిటరింగు నడుపుతోంది, ఒక్క వారం ఆపకుండా. ఈ మధ్య వేయించిన కళ్ళ పరీక్షలో ఆవిడ రెటీనా నాకంటే బావుంది.

నేను డాక్టర్ని కాను, మీ మందులు మీ డాక్టర్ని అడగండి. నేను చేసినవి మాత్రం చెప్తాను, ఏవీ గొప్పవి కావు. రాత్రి భోజనం ఎనిమిదింటికి, కాల్ కంటే ముందు. ముందు కూర, పప్పు, తర్వాత కొలిచి రెండు గరిటెల అన్నం. భోజనమయ్యాక పదిహేను నిమిషాల నడక, టెర్రేస్ మీద. మాత్రలు డాక్టరు రాసినవే, రాసినట్టే. వారానికి నాలుగు రీడింగులు, అందులో ఒకటి తప్పనిసరిగా "వద్దులే" అనిపించిన రోజున. కళ్ళకి ఆర్నెల్లకోసారి, కిడ్నీకి, పాదాలకి ఏడాదికోసారి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బీ12 తగ్గొచ్చు, అది కూడా చూపించుకున్నాను.

2023లో ఐసీఎంఆర్ వాళ్ళ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్లమందికి షుగరుందని తేల్చింది. అంటే మీ ఫ్లోరులో నాలుగైదు సొరుగుల్లో నాలాంటి మీటర్లు పడుకుని ఉండే ఉంటాయి. మీది కూడా అందులో ఒకటైతే, వచ్చే సోమవారం నుంచి జిమ్మూ, కొర్రలూ అని పెద్ద ప్లాను వెయ్యకండి. బ్యాటరీ కొనండి. ఇవాళే, కడుపునిండా తిన్నాక చూసుకోండి. ఎంతొచ్చినా రాసుకోండి. ఆ అంకె పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళండి. తిడితే వేరే డాక్టర్ని చూసుకోండి, వెళ్ళడం మాత్రం మానకండి.

నా సంగతంటారా? 2025 మార్చిలో 8.2, జూలైలో 7.1. ఇహ 7 లోపే అనుకున్నా. నవంబరులో 7.3 వచ్చింది. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేశాను.

"ఎంతొచ్చింది?"

"7.3. పోయినసారి 7.1."

"ఏం తిన్నావురా?"

"దసరా, ఆ వెంటనే దీపావళి."

"రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"సరే. భోంచేశావా, నాన్నా?"