మకాంలో ముసురు

ముసురు పట్టిందంటే ఊళ్లోవాళ్లు ఆకాశం వంక చూస్తారు. కైకలూరు దగ్గర మా చేపల చెరువు గట్టు మీది మకాంలో మాత్రం అందరి చూపూ నీళ్ల మీదే.

మకాం అన్నానని మేడలేవీ ఊహించుకోకండి. రేకుల కప్పు, రెండు గదులు, ముందొక వసారా, ఇల్లంతా తవుడు వాసన. సెలవులకు అందరం అక్కడే చేరతాం. రేకుల మీద వాన దంచుతుంటే పక్కవాళ్ల మాట వినపడదు. పేకాటలో తగాదాలు కూడా చేతి సైగలతోనే తేలాలి. వసారాలో పిన్ని బజ్జీలు వేస్తూనే ఉంటుంది.

బాబాయికి ఆట మీద మనసుండదు. ఎండ లేకపోతే నీళ్లలోని నాచు ప్రాణవాయువు సరిగా తయారుచెయ్యదు. రాత్రయ్యేసరికి చేపలతోపాటు ఆ నాచు కూడా ఉన్నదాన్నే వాడుకుంటుంది. తెల్లవారుజాముకు అది అడుగంటి, బొచ్చెలూ శీలావతులూ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అందుకే ముసురు రోజున మేత కట్టరు. రోజూ తాళ్లకు వేలాడే చిల్లుల సంచులు ఆ పూట తవుడు బస్తాల మీద మడతపెట్టి ఉంటాయి.

"మనకు బజ్జీలు, వాటికి పస్తా?" అంది మా చిన్నది.

"తిన్నది అరగాలన్నా గాలి కావాలి కదే," అన్నాడు బాబాయి.

నాయనమ్మ దిగులు వేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసే నీళ్లు కొల్లేటి నుంచి సముద్రంలో కలవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. ఇక్కడ తెరిపిచ్చినా ఆవిడ "బెజవాడ వైపు ఎలా ఉందిరా?" అని ఫోన్ చేయిస్తుంది. 2024 సెప్టెంబరులో ఆ ఊరిని ముంచింది బుడమేరే మరి.

అద్దెకు తీసుకున్న గది కిటికీలోంచి చూస్తే చెరువు మీద వాన అందంగానే ఉంటుంది. సొంత చెరువు మీది వాన అలా ఊరికే చూడనివ్వదు, పని చెబుతుంది. తెల్లవారుజామున బాబాయి టార్చి పట్టుకుని గట్టెక్కితే, ఎవరూ పిలవకుండానే ముగ్గురు నలుగురం వెంట నడుస్తాం. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ వెయ్యడానికి ఒక్క మనిషి చాలు, అయినా పడుకోబుద్ధి కాదు. పెళ్లయిన కొత్తలో మా బావ దుప్పటి ముసుగు తియ్యలేదు. మరుసటి ఏడు అందరికంటే ముందు చెప్పులేసుకున్నాడు. మేత లెక్కల పుస్తకం బాబాయి ఆయన చేతికిచ్చింది ఆ ఏడే.