రంగనతిట్టు: చక్రాల కుర్చీలో ఒక పూట

మైసూరు చూడబోయిన మనవాళ్ళలో చాముండి కొండ, రాజుగారి కోట, బృందావనం తోట చూడకుండా తిరిగివచ్చేవారు అరుదు. శ్రీరంగపట్నంలో రంగనాథస్వామి దర్శనమూ అయిపోతుంది. అక్కడికి మూడు నాలుగు కిలోమీటర్లలోనే ఉన్న రంగనతిట్టు పక్షిధామాన్ని మాత్రం "పక్షులేగా, ఇంకోసారి చూద్దాంలే" అని వాయిదా వేస్తుంటారు. ఇంట్లో నడవలేని పెద్దవాళ్ళుంటే ఆ ఇంకోసారి ఎప్పటికీ రాదు. అటువంటి ఇళ్ళవారి కోసమే ఈ నాలుగు మాటలు.

మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇంట్లో గోడ పట్టుకుని పది అడుగులు వేస్తుంది, గడప దాటితే చక్రాల కుర్చీయే. ఆ మధ్య దగ్గర బంధువుల పెళ్ళికి వెళ్ళాం. కల్యాణ మంటపానికి పద్నాలుగు మెట్లు. నలుగురు కుర్రవాళ్ళు కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చారు. వాళ్ళు మంచి మనసుతోనే చేశారు. అమ్మ మాత్రం ఇంటికి వచ్చాక "అందరూ చూస్తుండగా గ్యాస్ సిలిండరును దించినట్టు దించారే నన్ను" అంది. ఆ తరువాత పెళ్ళి లేదు, పేరంటం లేదు, గుడి కూడా లేదు. ఎవరు పిలిచినా "మీరు వెళ్ళి రండమ్మా" అనేదే జవాబు.

అమ్మ పుట్టింది కోలారు జిల్లాలో, చెరువుగట్టు పక్క ఊళ్ళో. చిన్నప్పుడు చూసిన కొంగల కబుర్లు పిల్లలకు చెబుతూ ఉంటుంది. అది పట్టుకునే రంగనతిట్టు మాట ఎత్తాను. చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టింది: "ఎవరూ నన్ను ఎత్తకూడదు. కుర్చీ పోయినంత వరకే నేను వస్తాను." సరేనన్నాను. మార్చి మొదటివారంలో ఒక ఆదివారం తెల్లవారుజామునే మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మ బయలుదేరాం.

రంగనతిట్టు కావేరి మధ్యలోని చిన్న చిన్న లంకల గుంపు. పదిహేడో శతాబ్దంలో కంఠీరవ నరసరాజ ఒడెయరు కాలంలో నదికి అడ్డంగా కట్టిన ఆనకట్టవల్ల నీరు నిలిచి, మిట్టలు లంకలుగా మిగిలాయి. పక్షులకు అది మంచి ఇల్లయింది. చుట్టూ నీళ్ళు కనుక నక్కలూ పిల్లులూ గూళ్ళ దాకా రాలేవు. పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ ఈ చోటు చూసి చెప్పిన మీదట 1940లో మైసూరు సంస్థానం దీన్ని పక్షిధామంగా ప్రకటించింది. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రాంసార్ జాబితాలోకి ఎక్కింది. కర్ణాటకలో ఆ గౌరవం మొదట పొందినది ఇదే.

లోపల నది ఒడ్డు వెంబడి చదును చేసిన కాలిబాట ఉంది. ఒక పక్క వెదురు పొదలు, పెద్ద చెట్లు, ఇంకో పక్క కావేరి. మా పెద్దవాడు అమ్మమ్మ కుర్చీ తోసుకుంటూ నడిచాడు. బాట మీద కుర్చీ సాఫీగానే సాగింది. ఎండుటాకులు మందంగా పడిన చోట ముందరి చిన్న చక్రాలు మొరాయిస్తే, కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందుండేలా లాగాం. ఈ కిటుకు తెలిసి ఉంటే ఇసుకలోనూ కంకరలోనూ సగం కష్టం తప్పుతుంది.

పడవల దగ్గర షరతుకు పరీక్ష వచ్చింది. తెడ్ల పడవ అన్నాక కాలు ఎత్తి లోపల పెట్టాలి, ఊగుతుంటే నిలదొక్కుకోవాలి, బల్ల మీద కూర్చోవాలి. పడవ నడిపే ఆయన అమ్మను చూసి "బన్ని అజ్జీ, నావు ఎత్తి కూడిసుత్తేవె" అన్నాడు, మేం ఎత్తి కూర్చోబెడతాం రండని. అమ్మ ఆయనకు చెయ్యెత్తి దణ్ణం పెట్టి కన్నడంలోనే వద్దంది. చిన్నది ఏడుపుముఖం పెట్టి "అమ్మమ్మా, నువ్వు రాకపోతే నేనూ పోను" అంది. "నువ్వు పోయి చూసి రావే, నేను ఇక్కడ చూసింది నీకు చెబుతాను, నువ్వక్కడ చూసింది నాకు చెప్పు" అని అమ్మే దాన్ని పంపింది. మా వారు పిల్లలతో వెళ్ళారు. నేను అమ్మ దగ్గర ఉండిపోయాను.

చెట్టునీడలో కుర్చీకి బ్రేకులు వేసి, అమ్మ చేతికి బైనాక్యులర్ ఇచ్చాను. ఎదురు లంకలోని చెట్టు నిండా ఎర్రకాళ్ళ కొంగల గూళ్ళు. పసుపుపచ్చని పొడుగు ముక్కు, రెక్కల చివర పూసినట్టు గులాబి రంగు. పెద్ద పక్షులు అరవవు, ముక్కులు టకటకలాడిస్తాయంతే. గోలంతా పిల్లలదే. కాస్త కింద తెడ్డుమూతి కొంగలు, ముక్కు మధ్య సందు ఉండే నత్తకొంగలు, రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకులు. ఒక బండరాయి మీద మొసలి నోరు తెరుచుకుని పడుకుంది. కోపంతో కాదు, ఒంటి వేడి తగ్గించుకోవడానికి అది అలా చేస్తుంది.

ఎండ ముదిరింది. ఒక గూటి మీద తల్లికొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెండు రెక్కలూ సగం విప్పి, కింద పిల్లలకు నీడ పడేలా నిలబడింది. అరగంటైనా కదల్లేదు. ఇంతలో జత పక్షి వచ్చి వాలి, గొంతులో తెచ్చిన నీళ్ళు పిల్లల నోళ్ళలో పోసింది. అమ్మ బైనాక్యులర్ దించి "చూశావటే, నీళ్ళు తెచ్చి పోస్తోంది" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండేళ్ళలో ఆమె గొంతులో అంత ఉత్సాహం నేను వినలేదు.

పిల్లలు తిరిగివచ్చి మొసలిని ఎంత దగ్గరగా చూశారో, చెట్టుకు వేలాడే పెద్ద గబ్బిలాలు ఎన్నున్నాయో చెప్పారు. అమ్మ నీళ్ళు పోసిన కొంగ సంగతి చెప్పింది. పడవ ఆగి ఆగి వెళ్ళిపోయింది కనుక అది వాళ్ళు చూడలేదు. ఒకచోట కదలకుండా కూర్చున్నవారికే కనబడే సంగతులు అడవిలో చాలా ఉంటాయి.

అలాగని ఒడ్డు చాలు, పడవ ఎందుకులే అని నేను అనను. తిరుగు ప్రయాణంలో అమ్మే "కుర్చీతోటే ఎక్కే పడవలు ఉండవా?" అని అడిగింది. అడుగు చదునుగా ఉన్న పడవ, నీటితోపాటు లేచి దిగే రేవు, రెంటినీ కలిపే పలక ఉంటే ఆ పని జరుగుతుంది. అది బ్రహ్మవిద్య కాదు. మన దేశంలో కొలతలు కూడా రాసి ఉన్నాయి. వాలు బాట అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, తలుపు సుమారు మూడడుగుల వెడల్పు, కుర్చీ చుట్టూ తిరగడానికి అయిదడుగుల జాగా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బహిరంగ స్థలాలు అందరికీ అందుబాటులో ఉండాలంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఇవి వట్టి సలహాలుగా మిగలరాదు, తప్పనిసరి నియమాలు ఉండాలని చెప్పింది.

చేస్తే ఎలా ఉంటుందో మద్రాసు పాఠకులకు తెలుసు. 2022 నవంబరులో మెరీనాలో ఇసుక మీదుగా నీటి అంచుదాకా చెక్కబాట వేశారు. మరుసటి నెల మాండూస్ తుఫానుకు అది దెబ్బతింది, తరువాత బాగుచేశారు. కట్టడం ఎంతో, కాపాడుకోవడమూ అంతే.

వెళ్ళదలచినవారికి కొన్ని మాటలు. చలికాలం చివరి నుంచి వేసవి దాకా గూళ్ళు నిండుగా ఉంటాయి. వానాకాలంలో కృష్ణరాజసాగరం నుంచి నీళ్ళు ఎక్కువగా వదిలితే పడవలు ఆపేస్తారు. ఉదయమే చేరుకోండి. వేళలు, టిక్కెట్ల ధరలు మారుతుంటాయి, ముందే కనుక్కోండి. కుర్చీ టైర్లలో గాలి, బ్రేకులు ఇంటి దగ్గరే చూసుకోండి. పల్లం దిగేటప్పుడు కుర్చీని వెనుదిరిగి దించండి. గొడుగు, నీళ్ళు, వీపుకు చిన్న దిండు మరవకండి. దారిలో ఆగే హోటల్లో మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందో లేదో ముందు ఒకరు దిగి చూసి రండి.

బెంగుళూరు నుంచి వచ్చేవారు మద్దూరు దగ్గర కొక్కరె బెళ్ళూరు కూడా చూడవచ్చు. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. వీధిలో కుర్చీ ఆపుకుని తల ఎత్తితే చాలు.

మీమీ ఊళ్ళ దగ్గర నది ఒడ్డునో చెరువుగట్టునో ఇటువంటి చోట్లుంటే పత్రికకు రాయండి. "బాగుంది" అని మాత్రం రాయకండి. మెట్లెన్ని, బాట ఎలా ఉంది, నీడ ఎక్కడుంది, తలుపు ఎంత వెడల్పు అనేది రాయండి. ఇంట్లో "మీరు వెళ్ళి రండి" అనే పెద్దవాళ్ళకు ఆ లెక్కలే కావాలి.