పరీక్షల పథ్యం

ఇంట్లో ఆడపిల్ల పరీక్షలకి చదువుతోందంటే ఎంత హడావిడో! టీవీ కట్టేస్తారు, చుట్టాల్ని రావద్దంటారు. పిల్ల వేళకి అన్నం తిందో లేదో చూసుకోడానికి తల్లి ఉండనే ఉంటుంది. మరి హాస్టల్లో ఉన్న పిల్లని అడిగేదెవరు?

మా అక్క కూతురు ఇక్కడే, విశాఖపట్నంలో, ఎమ్మెస్సీ చదువుతోంది. పార్వతీపురం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల. ఆదివారాలు మా ఇంటికొస్తుంది. సెమిస్టరు పరీక్షల ముందోసారి వచ్చినప్పుడు చూద్దును గదా, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"ఏం తింటున్నావే?" అన్నాను.

"తింటున్నాలే పిన్నీ" అంది.

ఆ "తింటున్నాలే"కి అర్థం నెమ్మది మీద బయటపడింది. వాళ్ళ హాస్టల్లో టిఫిను ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకానట. రాత్రి రెండింటిదాకా చదివిన పిల్ల లేచి జడ వేసుకునేలోగా ఇడ్లీ గిన్నెలు కడిగేస్తారు. టీ తాగి క్లాసుకి పరుగు. మధ్యాహ్నం అన్నంలో ఇంత ఆవకాయ. సాయంత్రం ఆకలి దంచేస్తుంటే బీచిరోడ్డుకి పోయి మూరీ మిక్చరో, నూడుల్సో. రాత్రి మళ్ళీ టీ.

ఈ ఆవకాయ సంగతి ఒకటి చెప్పాలి. జాడీడు పంపాం గదా అని తల్లులు నిశ్చింతగా ఉంటారు. జాడీ ఉంది గదా అని పిల్లలు కూర ముట్టరు!

"పరీక్షలంటే నాకు ముద్ద దిగదు పిన్నీ. మా రూమ్మేటు ఎదురు, చిప్సు పొట్లాలు వరసగా ఖాళీ చేసేస్తుంది" అంది.

నన్నడిగితే ఇద్దరిదీ ఒకటే బాధ. ఉన్నట్టుండి భయం వేస్తే ఒంట్లో ఎడ్రినలిన్ ఊరి ఆకలిని చంపేస్తుంది. అదే దిగులు వారాల తరబడి సాగితే కార్టిసోల్ పెరిగి తీపిమీదికీ, నూనె సరుకుమీదికీ మనసు లాగుతుంది. అందుకని ఒకర్తెని నాజూకు అనీ, ఇంకొకర్తెని తిండిపోతు అనీ వేళాకోళం చెయ్యకండి.

మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. హిమోగ్లోబిన్ 12 ఉండవలసింది, 8.6 ఉంది! మెట్లెక్కితే ఆయాసం, చదివిన పేజీయే మళ్ళీ చదవడం. తను మొద్దునైపోయానని ఆ పిల్ల రెండు నెలలుగా లోలోపల కుమిలిపోతోందట. చదువు మానేసి వచ్చేస్తానని తల్లికి ఫోను కూడా చేసిందట. మా బావగారికి అదే కావాలి. "చదవలేకపోతే వచ్చెయ్యమను, మంచి సంబంధం చేతిలో ఉంది" అన్నారట. నెత్తురు లేకపోతే తెలివి లేదని తీర్మానించేశారన్నమాట!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. ఇనుము కరిగించి ఉక్కు పోసే ఊళ్ళో ఉన్నా మన ఒంట్లో ఇనుముకి కరువే! హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్కలో మగవాడికి రోజుకి 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలంటే, ఆడదానికి 29 కావాలి. మన ఇళ్ళల్లో వడ్డనేమో తలకిందులు.

డాక్టరమ్మ ఇనుమూ, ఫోలిక్ ఆమ్లమూ కలిసిన మాత్రలు రాసింది. (ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలో తయారుచేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే సుమండీ.) అన్నం తిన్న వెంటనే టీ తాగొద్దంది, టీలోని టానిన్లు ఇనుముని ఒంటికి పట్టనివ్వవట. నిమ్మకాయా, జామకాయా, ఉసిరికాయా పట్టేట్టు చేస్తాయట.

నేను నువ్వులుండలూ, వేయించిన శనగలూ డబ్బాకెత్తి, చోడిపిండి కూడా కట్టాను.

"చోడి అంబలా? అందరూ నవ్వుతారు పిన్నీ!" అంది.

పొద్దున్నే బీచిరోడ్డు మీద నడకకొచ్చే పెద్దమనుషులు రాగి అంబలి అని కొనుక్కు తాగుతున్నది ఇదేనే అని చెప్పాను. మర్నాటినుంచీ రూమ్మేటు కూడా గ్లాసు పట్టుకొచ్చిందట.

టిఫిను వేళ సంగతి మాత్రం వాళ్ళే తేల్చుకున్నారు. నలభైమంది సంతకాలు పెట్టి వార్డెనుకి కాయితం ఇచ్చారు. పరీక్షల రోజుల్లో తొమ్మిదింటి దాకా ఇడ్లీ ఉంచడానికి ఆవిడ ఒప్పుకుంది. మామూలు రోజుల మాట తరవాత చూద్దామందట.

రెండు నెలల మాత్రలయ్యాక హిమోగ్లోబిన్ 10.4కి వచ్చింది. పరీక్షలన్నీ రాసింది. ఫలితాలు ఇంకా రాలేదు. మా బావగారు మాత్రం సంబంధం మాట ఎత్తడం లేదు.