హార్లీ మంచిది కాకపోతేనేం?

బాట్‌మన్ కథల్లో విలన్ జోకర్. వాడి జోకులకు నవ్వడానికి, వాడు చెప్పిన పనల్లా చెయ్యడానికి ఒక అమ్మాయి కావాల్సివచ్చింది. అలా 1992లో ఒక అమెరికన్ టీవీ యానిమేషన్ సీరియల్లో, ఒక్క ఎపిసోడ్ కోసమని హార్లీ క్విన్ పుట్టింది. రాసింది పాల్ డీనీ, బొమ్మ గీసింది బ్రూస్ టిమ్. డీనీ స్నేహితురాలు ఆర్లీన్ సోర్కిన్ మరో సీరియల్లో వేసిన విదూషక వేషం ఈ పాత్రకు ప్రేరణ. గొంతూ ఆమెదే. పక్కపాత్రగా వచ్చిన పిల్ల ప్రేక్షకులకు నచ్చి ఉండిపోయింది.

1994లో వాళ్లిద్దరూ చేసిన 'మ్యాడ్ లవ్' కామిక్ ఆమె గతాన్ని చెప్పింది. ఆమె మానసిక వైద్యురాలు. తన దగ్గరికి రోగిగా వచ్చిన జోకర్, చిన్నప్పుడు తండ్రి కొట్టేవాడని చెప్పిన కథ నమ్మి, ప్రేమించి, వాడి కోసం నేరస్తురాలవుతుంది. వాడి మెప్పు కోసం బాట్‌మన్‌ని బంధిస్తే, వాడు ఆమెనే కిటికీలోంచి తోసేస్తాడు. ఒంటినిండా కట్లతో, ఇక వాడితో తెగిపోయింది అనుకుంటుంది. అంతలో వాడు పంపిన పువ్వు కనిపిస్తుంది. మళ్లీ కరిగిపోతుంది.

రచయితలు హింసను దాచలేదు. అయినా ఈ ఇద్దరినీ ఆదర్శ ప్రేమజంటగా తలచుకునే అమ్మాయిలను నా క్లాసులోనే చూశాను. వాళ్లకు పువ్వు గుర్తుంది, కిటికీ గుర్తులేదు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్న సామెతను సరదాగా చెప్పుకునే మనం వాళ్లనేం తప్పుపట్టగలం?

2013లో అమాండా కానర్, జిమ్మీ పామియోటీ రాసిన కామిక్స్‌లో హార్లీ జోకర్ లేకుండా తన ఇల్లు తాను చూసుకుంది. 2020లో క్రిస్టినా హాడ్సన్ రాయగా కేథీ యాన్ తీసిన 'బర్డ్స్ ఆఫ్ ప్రే' సినిమా ఆ ఇద్దరూ విడిపోవడంతోనే మొదలవుతుంది. నాకు నచ్చేదేమిటంటే, బయటికొచ్చాక కూడా హార్లీ బుద్ధిమంతురాలు కాలేదు. దొంగతనాలూ కొట్లాటలూ మానలేదు.

దెబ్బలు తిన్న స్త్రీని ఓదార్చే ముందు మనం ఆమె నడవడి గురించి వాకబు చేస్తాం. ఎదురు చెప్పిందా, ఇల్లు పట్టించుకోలేదా, ఫోన్లో ఎవరితో మాట్లాడింది? మంచిదని తేలితేనే మన సానుభూతి. హార్లీ ఈ పరీక్షలన్నిటిలోనూ తప్పుతుంది. అయినా ఆమెను కిటికీలోంచి తొయ్యడం నేరమే.