నెల్లూరమ్మాయి మళ్ళీ వచ్చింది

సినిమా హీరోకి పదవీ విరమణ వయసంటూ లేదు. జుట్టు పోతే విగ్గుంది, మోకాళ్ళు సహకరించకపోతే డూపున్నాడు. హీరోయిన్‌కి మాత్రం పెళ్ళి శుభలేఖే రిటైర్మెంటు ఆర్డరు! ఆ ఆర్డరు పుచ్చుకుని వెళ్ళిపోయి, దాదాపు పదేళ్ళ తర్వాత తిరిగొచ్చి, పాత కుర్చీ కోసం వెతుక్కోకుండా ఇంకో కుర్చీ లాక్కుని దర్జాగా కూర్చున్నావిడ ఒకరున్నారు. మా నెల్లూరావిడే. వాణిశ్రీ.

మాది మైపాడు దగ్గర పల్లె. రాత్రిపూట సముద్రం హోరు ఇంట్లోకి వినపడుతుంది. అక్కడి ఆడవాళ్ళకి వాణిశ్రీ సినిమా తార కాదు, పక్కవీధి ఆడపడుచు. అసలు పేరు రత్నకుమారి అని, బారసాలకి వెళ్ళొచ్చినంత ధీమాగా చెబుతారు.

ఆమె తొలి వైభవం నేను చూడలేదు, విన్నాను. 1960ల్లో చిన్నాచితకా వేషాలు, నవ్వించే వేషాలు వేసుకుంటూ పైకొచ్చింది. బి.ఎన్. రెడ్డిగారి 'రంగుల రాట్నం' (1966)లో కనిపించింది. 1971లో 'దసరా బుల్లోడు', 'ప్రేమనగర్' ఒకే ఏడాది, రెంటిలోనూ అక్కినేని పక్కన! 'జీవన జ్యోతి' (1975)లో తల్లీ తనే, కూతురూ తనే. ఇక ఆ కొప్పు సంగతి చెప్పొద్దూ! పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసేవాళ్ళు 'వాణిశ్రీ కొప్పు' అంటే చాలు, ఇంకేం వివరం అడిగేవాళ్ళు కాదట. తర్వాత పెళ్ళి, పిల్లలు, విరామం.

1989 సంక్రాంతికి 'అత్తకు యముడు అమ్మాయికి మొగుడు' వచ్చింది. గీతా ఆర్ట్స్ వారి చిత్రం, కోదండరామిరెడ్డిగారి దర్శకత్వం. చిరంజీవి అల్లుడు, విజయశాంతి కూతురు, డబ్బూ దర్పమూ మూర్తీభవించిన అత్తగారు వాణిశ్రీ. అప్పటికామెకి నలభై అటూ ఇటూ. అంతవరకూ తెలుగు తెరమీద గయ్యాళి అత్తంటే సూర్యకాంతమ్మగారే. ఆమె రాజ్యం వంటింటి నుంచి వీధి అరుగు దాకా. వాణిశ్రీ అత్త అలా కాదు. కారు దిగుతుంది, ఆజ్ఞ ఇస్తుంది, కనుబొమ అర అంగుళం పైకి లేపుతుంది. అరవాల్సిన పని పడదు. కామెడీ అంతా ఆ బిగువు మీదే నడిచింది. ఎదటి మనిషి అంత బిగుసుకుని ఉంటేనే కదా అల్లుడి అల్లరికి ఈలలు పడేది! కథానాయికగా పదేళ్ళు కెమెరా ముందు నిలబడ్డ అలవాటే ఆమెకిక్కడ అక్కరకొచ్చిందని నా అభిప్రాయం. అదే ఏడాది ఈ కథని రజనీకాంత్‌తో తమిళంలో 'మాప్పిళ్ళై'గా తీస్తే, అత్తగా శ్రీవిద్య వేసింది. ఆవిడా ఒకప్పటి కథానాయికే!

సముద్రాలవతల కూడా ఇలాంటి ముచ్చట ఒకటుంది. అమెరికాలో లూసిల్ బాల్ అనే నటి హాలీవుడ్‌లో ఏళ్ళ తరబడి తిరిగినా అగ్రతార కాలేకపోయింది. 1951లో నలభయ్యో ఏట టెలివిజన్‌లో 'ఐ లవ్ లూసీ' మొదలుపెట్టి దేశం మొత్తాన్ని నవ్వించింది. అయితే అక్కడ కథ లూసీది. ఇక్కడ కథ అల్లుడిది. నాకు మింగుడుపడనిది అదే. అత్త పొగరు అణగడమే ఆ సినిమాకి ఆనందం. 'జీవన జ్యోతి'లో ఆమె పక్కన వేసిన శోభన్ బాబు 1990ల్లోనూ హీరోగానే ఉన్నారు. ఆమె మాత్రం అత్తగారైతేనే లోపలికి రానిచ్చారు.

ఈ మాటే మా పెద్దమ్మతో అన్నాను. ఆవిడకి వాణిశ్రీ మీద మాట పడితే ఊరుకోదు.

పెద్దమ్మ సంగతి కొంచెం చెప్పాలి. మా తీరంలో వరి మళ్ళు రొయ్యల గుంటలైన రోజుల్లో పెదనాన్న టైగర్ రొయ్య వేశాడు. రెండు పంటలు బంగారం. 1994లో తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పులవాళ్ళు గుమ్మంలో కూర్చున్నారు. పెద్దమ్మకి నలభై దాటింది. అంతకుముందు పొలానిక్కూడా వెళ్ళిన మనిషి కాదు. రొయ్యలు వొలిచే షెడ్డులో పనికి కుదిరింది. తల తుంచి, పొట్టు తీసి, ఐసులో వెయ్యాలి. వేళ్ళు పగిలేవి. నిన్నటిదాకా తమ గుంటల్లో కూలికొచ్చిన ఆడవాళ్ళ పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"ఈ వయసులో నీకెందుకు మే ఈ పని?" అన్నారట చుట్టాలు. "వాణిశ్రీకి లేని నామోషీ నాకేంది?" అందట.

అందుకే నా విమర్శ విని పెద్దమ్మ ఒకటే అంది: "చివర్లో వొంగదీశార్లే పాపా. కథ రాసింది మొగోళ్ళు గదా! అంతదాకా ఆయమ్మ ఎవురి మాటన్నా వినిందా? ఇంట్లో కూర్చోనుంటే అది గూడా లేదు గదా."

నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు గానీ, వాదించలేకపోయాను. పగిలిన వేళ్ళ ముందు నా డిగ్రీ చదువు నిలవలేదు.

రామానాయుడుగారు 'ప్రేమనగర్' తీసిన పందొమ్మిదేళ్ళకి, 1990లో, అదే సురేష్ సంస్థ 'బొబ్బిలి రాజా'లో ఆమెకి కథానాయిక తల్లి వేషం ఇచ్చింది. అప్పటి హీరోయిన్ ఇప్పుడు నిర్మాతగారబ్బాయి వెంకటేష్‌ని ముప్పుతిప్పలు పెడుతోంది! 1992లో వచ్చిన సినిమా పేరే 'సీతారత్నంగారి అబ్బాయి'. సీతారత్నం వాణిశ్రీ. పోస్టరు మీద కొడుకు ఎంత పెద్దగా ఉన్నా, సినిమా పేరులో ముందున్నది తల్లే.

మొన్న టీవీలో 'బొబ్బిలి రాజా' వస్తుంటే పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. డెబ్బయి దాటింది, చూపు మందగించింది. పాటలొచ్చినప్పుడు లేచి వెళ్ళి చేపల పులుసు కలబెట్టి వస్తోంది. వాణిశ్రీ వస్తే మాత్రం గరిటె చేత్తో పట్టుకునే నిలబడిపోతోంది.

"ఆ చీర చూడు పాపా," అంది. "కుచ్చిళ్ళు ఒక్కటన్నా చెదిరిందా?"