పాట ఎవరి హక్?

2016తో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాటకు యాభై ఏళ్లు నిండాయి. 1966 డిసెంబర్‌లో ఉస్తాద్ కోదండపాణి దగ్గర 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం మొదటి పాట పాడారాయన. ఆ యాభై ఏళ్ల పాటల్ని జనం ముందు మళ్లీ ఒకసారి పాడాలని కొడుకు చరణ్ ఒక టూర్ తయారుచేశాడు. పేరు ఎస్పీబీ 50. ఆగస్టులో కెనడాలోని టొరంటోలో మొదలై రష్యా, శ్రీలంక, మలేషియా, సింగపూర్, దుబాయ్ తిరిగింది. మధ్యలో మన దేశంలో ఎన్నో ఊళ్లు. 2017 మార్చిలో అమెరికా చేరింది.

మా ఖాలా కొడుకు అప్పుడు దుబాయ్‌లోనే ఉన్నాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఏ గల్లీలో అడిగినా గల్ఫ్‌లో ఒకరు ఉంటారు కదా, మా ఖాందాన్‌లో వాడు. టికెట్ కొనే స్తోమత లేదు. రూమ్‌లో దోస్త్ ఫోన్‌కి ఎవరో పంపిన రెండు నిమిషాల వీడియో మాకు వాట్సాప్ చేశాడు. అందులో బాలు గొంతు కంటే జనం అరుపులే ఎక్కువ. అయినా ఇంట్లో అందరం వంతులవారీగా చూశాం. అబ్బా మాత్రం చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నాడు. వీడియోని అలా వినేవాణ్ని నేను ఇంకొకర్ని చూడలేదు.

అమెరికాలో టూర్ నడుస్తుండగా నోటీసు వచ్చింది. బాలుకి, చిత్రకి, చరణ్‌కి, ప్రోగ్రాం పెట్టినవాళ్లకి, హాళ్ల యాజమాన్యాలకి కూడా. పంపింది ఇళయరాజా వకీల్. ఆయన ఇజాజత్ లేకుండా ఆయన పాటలు స్టేజీ మీద పాడకూడదు, పాడితే భారీ జుర్మానా కట్టాలి, కేసు ఎదుర్కోవాలి అని దాని సారాంశం.

ఈ సంగతి ఫేస్‌బుక్‌లో బాలే చెప్పారు. ఈ కానూన్ తనకు తెలియదని, కానూన్ అదే అయితే లోబడతానని, ఇక ఆ పాటలు పాడనని, దేవుడి దయవల్ల వేరే సంగీత దర్శకులకి కూడా చాలా పాడానని రాశారు. ఇళయరాజా మీద కఠినంగా మాట్లాడొద్దని కూడా కోరారు. జనం ఆ చివరి మాట ఒక్కటి తప్ప అన్నీ విన్నారు.

కరీంనగర్‌లో మా ఆఫీసు పక్క చాయ్ హోటల్లో వారం రోజులు ఇదే బహస్. "గొంతు లేకుంటే గా పాట ఏడుండు భాయ్?" అని ఒకరు. "బాణీ లేకుంటే గొంతు ఏం జేస్తది?" అని ఇంకొకరు. ఎక్కువ మంది బాలు వైపే. చాలా ఏళ్ల దోస్తుకి నోటీసు పంపుతారా అని గుస్సా. నాకూ ఆ గుస్సా ఉంది, ఇప్పటికీ ఉంది. ప్రోగ్రాంకి టికెట్లు అమ్మేవాళ్లకి ఆ కాగితం పంపితే సరిపోయేది. దోస్తుకి ఒక ఫోన్ చాలు. కానీ గుస్సా వేరు, హక్ వేరు. తెలుగులో హక్కు అనే మాట మన హక్ నుంచే వచ్చింది, దాన్ని మనమైనా సరిగ్గా తూచాలి.

అబ్బాకి బాలు అంటే ప్రాణం, రఫీ సాబ్ అంటే అంతకంటే ఎక్కువ. బాలు కూడా జిందగీ పొడుగునా రఫీ సాబ్‌ని తలచుకున్న మనిషే. విచిత్రం ఏమిటంటే, ఈ ఝగడా రఫీ సాబ్ రోజుల్లోనే ఒకసారి జరిగింది. 1960ల మొదట్లో లతా మంగేష్కర్ గాయకులకి కూడా రాయల్టీ కావాలంది. రఫీ సాబ్ ఒప్పుకోలేదు. పాడినందుకు పైసలు ముట్టాయి, ఇక ఆ పాట మీద గాయకుడికి దావా లేదు అన్నది ఆయన లెక్క. ఆ పట్టింపు మీద ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. రఫీ సాబ్ మాట ప్రకారమే చూస్తే, ఎస్పీబీ 50లో బాలు పాడినవి ఆయన పాటలు కావు.

మా మామూ సంగీతానికి దూరంగా ఉండే మనిషి. అయినా ఈ బహస్‌లోకి వచ్చాడు. "మజ్దూరీ దియే నా? ఖతం" అన్నాడు. చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలనే మాట ఆయన నోటినుంచే చిన్నప్పుడు విన్నాం. కానీ పాట సంగతి మన కరీంనగర్ వెండి తీగ పని లాంటిది కాదు. ఆ కారీగర్ తీగ లాగి, పువ్వు అల్లి, పళ్లెం చేసి అమ్మాడంటే పని అయిపోయింది. ఆ పళ్లెం కొన్నవాడి అల్మారాలో ఉంటుంది, మళ్లీ మళ్లీ సంపాదించదు. పాట అట్లా కాదు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా అమెరికాలో డాలర్లకి టికెట్ అమ్ముడుపోయేలా చేస్తుంది. ఆ డాలర్లలో అల్లినవాడికి ఏమీ లేదంటే అది ఇన్సాఫ్ కాదు.

కానూన్ కూడా చాలాకాలం అల్లినవాడి వైపు లేదు. సినిమా కోసం పైసలిచ్చి చేయించుకున్న పాటకి మాలిక్ నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చాక గానీ కవికీ, సంగీత దర్శకుడికీ ఎవరూ రాయించుకోలేని రాయల్టీ హక్ రాలేదు. దానికోసం రాజ్యసభలో గట్టిగా కొట్లాడింది ఒక షాయర్, జావేద్ అఖ్తర్. గాయకులకి కూడా రాయల్టీ హక్ ఇచ్చింది ఆ మార్పే. లత అడిగింది యాభై ఏళ్లకి వచ్చినట్టు.

కెనడా అమ్మాయి అవ్రిల్ లవీన్ అని ఒక రాక్ గాయని ఉంది, మా బిడ్డ వింటుంది. 2002లో మొదటి ఆల్బమ్, 2024లో గ్రేటెస్ట్ హిట్స్ పేరుతో టూర్. ఆమె పాటల రచనలో ఆమె పేరు కూడా ఉంటుంది కాబట్టి తన పాత పాటలు పాడితే అది తన కథ తనే చెప్పుకోవడం. మన సినిమా గాయకుడికి ఆ వీలు లేదు. ఆయన జిందగీ కితాబులో ప్రతి పేజీ ఇంకొకరి చేతిరాత.

బాలు కితాబులోంచి ఎన్ని పేజీలు పోయాయో చూడండి. అభిలాష, సాగర సంగమం, స్వాతిముత్యం, రుద్రవీణ, గీతాంజలి, జగదేకవీరుడు అతిలోకసుందరి. ఆయనకి వచ్చిన ఆరు నేషనల్ అవార్డుల్లో రెండు ఇళయరాజా పాటలకే, 1983 సాగర సంగమం, 1988 రుద్రవీణ. మహదేవన్, చక్రవర్తి, సత్యం, రమేశ్ నాయుడు, కీరవాణి, రెహమాన్ ఉన్నారు. మన ఇళ్లలో హిందీ పాటగా విన్న ఏక్ దూజే కే లియే, మైనే ప్యార్ కియా ఉన్నాయి. రాత్రంతా పాడినా ఒడవవు. కానీ 1980ల్లో పెరిగినవాళ్లకి ఆ మెహఫిల్‌లో ఒక గది తాళం వేసి ఉన్నట్టే.

ఇంత గొడవలో కవి పేరు ఎవరూ ఎత్తలేదు. నన్ను ఎక్కువ కొరికింది అదే. బాలు పాట, ఇళయరాజా పాట, ఈ రెండే. సాగర సంగమం, గీతాంజలి రాసిన వేటూరి 2010లోనే పోయారు. రుద్రవీణ రాసిన సిరివెన్నెల అప్పటికి ఉన్నారు. మాట కూడా అల్లికే కదా.

మన ముషాయిరాల్లో, గజల్ మెహఫిళ్లలో ఇది జరగదు. ఎవరి కలామో చెప్పకుండా పాడేవాడికి అదబ్ లేదంటారు. చెప్పడం మరిచినా, మఖ్తాలో షాయర్ తన తఖల్లుస్ కుట్టేసి పోతాడు కాబట్టి పాడేవాడి నోటినుంచే ఆ పేరు వస్తుంది. మన జిల్లా హనుమాజీపేటలో పుట్టి, ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో గజళ్లు రాసిన సి. నారాయణరెడ్డి కూడా చివర సినారె అని పెట్టుకున్నారు. ఆయన సినిమా పాటల్లో ఆ వీలు లేదు. నోటీసు వచ్చిన మూడు నెలలకే, 2017 జూన్‌లో ఆయన పోయారు.

అబ్బా ఆదిలాబాద్‌లో దర్జీ. తెలుగు చదవడం రాదు. అయినా ఏ పాట ఎవరు రాశారో, బాణీ ఎవరిదో చెప్పేవాడు. వివిధ భారతిలో పాటకి ముందు ఆ పేర్లన్నీ చదివేవారు, మిషన్ ఆపి మరీ వినేవాడు. 'పాడుతా తీయగా'లో బాలు చేసింది కూడా అదే. పిల్లలు పాడాక రాసినవాళ్ల గురించి, బాణీ కట్టినవాళ్ల గురించి మాట్లాడకుండా వదిలేవారు కాదు. అందుకే ఆయనకి నోటీసు వచ్చిందంటే అబ్బాకి మింగుడుపడలేదు.

2019 జూన్‌లో చెన్నైలో ఇళయరాజా ప్రోగ్రాంలో ఇద్దరూ మళ్లీ ఒకే స్టేజీ ఎక్కారు. మరుసటి ఏడాది బాలు కరోనాతో ఆసుపత్రిలో ఉంటే, బాలూ త్వరగా లేచి రా అని ఇళయరాజా వీడియో పెట్టాడు. సెప్టెంబర్ 25న బాలు వెళ్లిపోయారు. ఆ రోజు అబ్బా దుకాణం తెరవలేదు.

మొన్నటి చలికాలంలో ఆదిలాబాద్‌లో మా ఖాలా కొడుకు వలీమా జరిగింది. ఆర్కెస్ట్రా పెట్టారు. మామూ అన్నం తిని వెంటనే వెళ్లిపోయాడు, అది ఆయన లెక్క. షాదీ వేడుకల్లో పాటకి ఇజాజత్ అక్కర్లేదని కాపీరైట్ చట్టంలోనే మినహాయింపు ఉంది, నోటీసు భయం లేదు. అయినా బాలు పాటలు నాలుగు పాడతామంటే, ఒక్కోదానికి కవి పేరు, సంగీతం పేరు చీటీ మీద రాసి అనౌన్సర్‌కి ఇచ్చాను. మొదటి మూడూ చదివాడు, వేటూరిని వెటురి అన్నాడు, ఫర్వాలేదు. నాలుగోదానికి చీటీ ఎక్కడో పడిపోయింది. పాట మొదలుపెట్టబోతుంటే ముందు వరుసలోంచి అబ్బా లేచి, చేయెత్తి ఆపి, "సిరివెన్నెల, ఇళయరాజా" అని అరిచాడు.